ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవారు పుట్టుమచ్చలను గమనించుకునే పద్ధతి

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లను అడిగితే పోయిన నెల క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో ఠక్కున చెబుతారు. రక్తంలో టాక్రోలిమస్ మందు లెవెల్ కూడా గుర్తుంటుంది. అరికాళ్లలో మచ్చలు ఎన్ని ఉన్నాయంటే మాత్రం కాలు తిప్పి చూసుకోవాల్సిందే. ఇమ్యూనిటీ తగ్గించే ఈ మందులతో చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, కాబట్టి ఆ మచ్చల లెక్క కూడా చేతిలో ఉండాలి. నెలకు పావుగంట, ఒక ఫోను, ఒక స్కేలు ఉంటే చాలు.

ఇది ఎవరికి అవసరం

కిడ్నీ, లివర్, గుండె మార్పిడి తర్వాత టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, మైకోఫెనొలేట్, అజథయోప్రిన్ వాడేవారికి ముందుగా. కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్, పెంఫిగస్, పెద్దపేగు పూత లాంటి జబ్బులకు మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, సైక్లోఫాస్ఫమైడ్, అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకునేవారికి. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగేవారికి కూడా.

చీటీలో కంపెనీ పేరే ఉంటుంది కాబట్టి చాలామందికి తాము వాడుతున్నది ఇదేనని తెలియదు. ఎజోరాన్ అంటే అజథయోప్రిన్. పాన్‌గ్రాఫ్ అంటే టాక్రోలిమస్. ఫోలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేట్. వైసొలోన్ అంటే ప్రెడ్నిసొలోన్. మీ స్ట్రిప్పు వేరే కంపెనీదైతే వెనకవైపు చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది, చదివించుకోండి. ఆయాసానికో దద్దుర్లకో ఐదు రోజులు స్టెరాయిడ్ వాడి ఆపేసినవారికి ఈ తతంగమంతా అక్కర్లేదు.

మందుకీ మచ్చకీ సంబంధం ఏమిటి

చర్మంలో రోజూ కొన్ని కణాలు దెబ్బతింటూనే ఉంటాయి. వాటిని పసిగట్టి చంపేసే పని రోగనిరోధక కణాలది. మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఉండాలంటే ఆ కణాల జోరే తగ్గించాలి. దాంతో చర్మం మీది కాపలా కూడా సడలుతుంది. అది ఒక కారణం మాత్రమే. అజథయోప్రిన్ నుంచి తయారయ్యే థయోగ్వానిన్ చర్మకణాల డీఎన్‌ఏలో చేరి ఎండలోని యూవీఏ కిరణాలను పీల్చుకుంటుంది, అక్కడే హాని చేస్తుంది. సైక్లోస్పోరిన్ అయితే దెబ్బతిన్న డీఎన్‌ఏ మరమ్మతుకు అడ్డుపడుతుంది. ఫంగస్ జబ్బుకు వొరికొనజోల్ నెలల తరబడి వాడితే చర్మం ఎండకు మరీ త్వరగా కమిలిపోతుంది. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నా కొంత ఇదే ఇబ్బంది.

తెల్లచర్మం వాళ్ల దేశాల లెక్కల్లో, అవయవ మార్పిడి అయినవారికి పొలుసుకణ క్యాన్సర్ (చర్మం పైపొర కణాల్లో పుట్టేది) మామూలు జనం కంటే 65 రెట్ల దాకా, మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) 2 నుంచి 4 రెట్ల దాకా ఎక్కువగా కనిపించింది. ఆ అంకెలు చూసి కంగారు పడకండి. చామనఛాయ, నల్లని చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం కాపాడుతుంది కాబట్టి మనకు ముప్పు అంతకంటే చాలా తక్కువ. ఇబ్బంది వేరే చోట ఉంది. మన చర్మంలో మెలనోమా వస్తే ఎక్కువగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోటి కిందో వస్తుంది. పొలుసుకణ క్యాన్సర్ పాత కాలిన మచ్చలోనో, ఏళ్లతరబడి మానని పుండులోనో, జననాంగాల దగ్గరో మొదలవుతుంది. ఎవరూ చూడని చోట్లు కాబట్టి ఆలస్యంగా బయటపడతాయి. మొహం మీది మచ్చ గురించి నలుగురూ అడుగుతారు, అరికాలి మచ్చను అడిగేవాళ్లుండరు.

ఇంకో సంగతి. ఈ మందులు మొదలుపెట్టిన కొన్ని నెలల్లో కొందరికి చిన్న చిన్న పుట్టుమచ్చలు ఒక్కసారిగా గుంపుగా పుట్టుకొస్తాయి, అరచేతుల్లో అరికాళ్లలో మరీ. అజథయోప్రిన్ వాడేవారిలోనూ, అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు తీసుకునేవారిలోనూ ఇది కనిపించింది. వీటిలో దాదాపు అన్నీ హాని లేనివే. అయినా వాటిని ఒకసారి చర్మవ్యాధి డాక్టరుకు చూపించి, లెక్క రాసుకోవాలి. అరచేతిలో మచ్చ పుడితే కలిసొస్తుందని మన పెద్దలు అంటారు. ఆ మాటతో సంతోషపడి ఆరు నెలలు ఊరుకోవద్దు.

మొదటి మెట్టు: ఇప్పుడున్న లెక్క రాసుకోవడం

మార్పు తెలియాలంటే ముందు ఎలా ఉందో తెలియాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాయించి ఉంటారు. అవి అప్పటి నుంచీ ఉన్నవని రుజువు ఉన్నట్టే, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. నోట్‌బుక్‌లో మనిషి బొమ్మ ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి గీయండి. పక్కనే రెండు అరికాళ్లు, రెండు అరచేతులు పెద్దగా గీయండి. కనిపించిన ప్రతి మచ్చకూ ఒక అంకె వేసి పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి. ఒళ్లంతా వందకు పైగా మచ్చలుంటే అన్నీ కొలవక్కర్లేదు. 5 మి.మీ. దాటినవి, అరికాళ్లు, అరచేతులు, గోళ్లలో ఉన్నవి, మందు మొదలయ్యాక కొత్తగా వచ్చినవి రాస్తే సరిపోతుంది.

మార్పిడి ఇంకా జరగలేదంటే, ఆపరేషన్‌కు ముందే ఒకసారి చర్మవ్యాధి డాక్టరుకు ఒళ్లంతా చూపించుకోండి. ఆ తర్వాత తేడా వస్తే పోల్చడానికి ఆ రోజు రాసిన చీటీ పనికొస్తుంది.

రెండో మెట్టు: నెలకోసారి పరీక్ష

నెల మందులు తెచ్చుకునే రోజు పెట్టుకోండి, మరిచిపోరు. స్నానం చేసి తుడుచుకున్నాక, పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర చూసుకోండి. ట్యూబులైటు కింద గోధుమరంగుకూ నలుపుకూ తేడా సరిగా తెలియదు. నిలువుటద్దం, చేతి అద్దం, దువ్వెన, 15 సెంటీమీటర్ల స్కేలు, ఫోను దగ్గర పెట్టుకోండి.

పాదాల నుంచి మొదలుపెట్టండి. తల నుంచి మొదలుపెట్టేవాళ్లు కాళ్ల దాకా వచ్చేసరికి విసుగొచ్చి ఆపేస్తారు. పొలానికి చెప్పుల్లేకుండా వెళ్లేవారైతే అరికాళ్లను సబ్బుతో రుద్ది, పగుళ్లలో మట్టి లేకుండా కడగాలి. మడమ, పాదం ఒంపు, వేళ్ల సందులు, మెట్టెల కింద, పట్టీలు ఒరుసుకునే చోటు. తర్వాత కాలిగోళ్లు ఒక్కొక్కటి. పిక్కల వెనక, మోకాలి మడతలు, తొడల సందు, మొలతాడు ఒరుసుకునే గీత, జననాంగాలు, పిరుదుల మధ్య. సిగ్గుపడే చోట్లే ముఖ్యం. చేతి అద్దంతో కనిపించని చోట భార్యో భర్తో చూడాలి, లేదంటే డాక్టరు దగ్గర నోరు తెరిచి అడగాలి.

అక్కణ్ణుంచి పొట్ట, రొమ్ముల కింద, చంకలు, అరచేతులు, చేతిగోళ్లు. నోట్లో కూడా చూడండి: కింది పెదవి, బుగ్గల లోపల, నాలుక పక్కలు. పొగాకు నమిలేవారు, చుట్ట తాగేవారు దీన్ని వదిలిపెట్టకూడదు. వీపుకు ఇంకొకరి కళ్లు కావాలి. నెత్తిని దువ్వెనతో పాయలు తీస్తూ చూడాలి. తిరుమలలో గుండు చేయించుకుంటే ఆ వారంలోనే నెత్తి మొత్తం ఫోటో తీయించుకోండి, అంత స్పష్టంగా మళ్లీ కనపడదు.

ఆడవాళ్లకు ఒక మాట. గోరింటాకు, పారాణి, పసుపు, గోళ్లరంగు ఉన్నంతకాలం అరచేయి, పాదం, గోరు చూడడం కుదరదు. గోటిమీది గోరింటాకు పోవాలంటే గోరు పెరిగి పోవాల్సిందే. చేతిగోరు నెలకు సుమారు 3 మి.మీ., కాలిగోరు అందులో సగం కంటే తక్కువే పెరుగుతుంది. అంటే ఆషాఢంలో పెట్టుకున్న ఎరుపు బొటనవేలి గోటిమీద నెలల తరబడి నిలుస్తుంది. గోరింటాకు మానేయమనడం లేదు. పెట్టుకునే ముందు రోజు గోళ్లన్నిటికీ ఫోటో తీసుకోండి, గోళ్ల జోలికి పోకుండా అరచేతి మధ్యన పెట్టుకుంటే ఇంకా మంచిది.

మూడో మెట్టు: పనికొచ్చే ఫోటో తీయడం

డాక్టర్లకు వచ్చే ఫోటోల్లో చాలావి మసకగా ఉంటాయి, మిగతావాటిలో మచ్చ ఎంత పెద్దదో తేలదు. మచ్చకు మూడు ఫోటోలు కావాలి. మొదటిది ఒక మీటరు దూరం నుంచి, ఏ కాలు, ఎక్కడ అని తెలిసేలా. రెండోది 30 సెంటీమీటర్ల నుంచి. మూడోది 10 సెంటీమీటర్ల దూరం నుంచి, మచ్చ పక్కనే స్కేలు ఆనించి. ఇంకా దగ్గరికి పోతే ఫోకస్ తప్పుతుంది, కాబట్టి 10 సెంటీమీటర్ల దగ్గరే ఆగి రెండు రెట్లు జూమ్ చేయండి. ఫ్లాష్ వేయొద్దు, మెరుపు మచ్చ మీద పడి రంగు చెరుస్తుంది. బ్యూటీ మోడ్, ఫిల్టర్ తీసేయండి, అవి ఉన్న మచ్చను చెరిపేస్తాయి.

స్కేలు బదులు రూపాయి బిళ్ల పెడతారు కొందరు. 2011లో వచ్చిన రూపాయి దాదాపు 22 మి.మీ., 2019లో వచ్చినది 20 మి.మీ. ఏది పెట్టారో ఆరు నెలలకు గుర్తుండదు. స్కేలే పెట్టండి. ఫోటోలు తేదీతో ఒక ఫోల్డర్‌లో వేసి ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

నాలుగో మెట్టు: ఏ మార్పు చెడ్డది

అన్నిటికంటే ముందు చూడాల్సింది మార్పు. ఏళ్లుగా ఒకేలా ఉన్న నల్లటి పెద్ద మచ్చ కంటే, మూడు నెలల్లో 3 మి.మీ. నుంచి 5 మి.మీ.కు పెరిగిన చిన్న మచ్చ మీద అనుమానం ఎక్కువ. మన చర్మంలో మామూలు పుట్టుమచ్చ కూడా బాగా నల్లగా ఉండొచ్చు, కాబట్టి నలుపు ఒక్కటే లెక్కకు రాదు. ఒకే మచ్చలో గోధుమ, నలుపు, నీలం, ఎరుపు, తెలుపు కలిసిపోయి కనిపిస్తే అనుమానించాలి. మధ్యకు మడిస్తే రెండు సగాలూ ఒకదానిమీద ఒకటి కుదరకపోవడం, అంచు చిరిగిన తాటాకులా వంకరటింకరగా ఉండడం, 6 మి.మీ. దాటడం మిగతా గుర్తులు. ఒంటిమీది మచ్చలన్నీ ఒక పోలికలో ఉండి ఒక్కటి మాత్రం వేరుగా ఉంటే, ఆ ఒక్కదాన్నే ముందు చూపించండి.

అరికాలికి లెక్క కొంచెం వేరు. అక్కడ చర్మం మీద బోదెలు, కాలువల్లా సన్నని గీతలుంటాయి, వేలిముద్రలో కనిపించేవే. హానిలేని మచ్చలో రంగు కాలువల వెంట ఉంటుంది. మెలనోమాలో బోదెల మీద ఉంటుంది. కంటికి ఇది సరిగా తెలియదు, డెర్మటోస్కోపు పెట్టి చూస్తే తెలుస్తుంది. చర్మవ్యాధి డాక్టరు దగ్గర చేతిలో పట్టే చిన్న పరికరం అది, చూడ్డానికి రెండు నిమిషాలు, నొప్పి ఉండదు. అరికాలిలో కొత్తగా వచ్చిన మచ్చ 7 మి.మీ. దాటితే ఆలోచించకుండా వెళ్లండి.

రంగు లేని మెలనోమా కూడా ఉంటుంది. అరికాలిలో గులాబీ రంగు కండలా పెరిగి, తాకితే రక్తం కారుతుంది. దాన్ని ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కేవాళ్లున్నారు, షుగరు పుండు అనుకుని నెలల తరబడి కట్లు కట్టించుకునేవాళ్లున్నారు. గట్టిగా ఉబ్బి, నెలరోజులుగా పెరుగుతూనే ఉన్న గడ్డ ఏ రంగైనా సరే చూపించాల్సిందే. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవారికి లెక్క ఇంకా కఠినం: మూడు వారాల్లో మానని పుండు, పెచ్చు కట్టి ఊడి మళ్లీ కట్టే చోటు, పులిపిరిలా పెరుగుతూ నొప్పి పెట్టే గడ్డ, కాళ్లమీద ఊదారంగు మరకలు, వీటిలో ఏది కనిపించినా రెండు వారాల్లోపు డాక్టరు చూడాలి.

గోరు విషయం నిదానంగా చదవండి. మన రంగువాళ్లకు చాలా గోళ్లలో సన్నని నిలువు గీతలు పుట్టుకతోనో వయసుతోనో ఉంటాయి, అది మామూలే. రక్తం జబ్బులకు హైడ్రాక్సీయూరియా వాడేవారికి కూడా చాలా గోళ్లలో గీతలు వస్తాయి. భయపడాల్సింది ఒకే ఒక్క గోటిలో, ముఖ్యంగా బొటనవేలిలో, పెద్దయ్యాక కొత్తగా వచ్చిన గీతను చూసి. దాని వెడల్పు 3 మి.మీ. దాటినా, గోటి మొదలు దగ్గర వెడల్పుగా, కొస దగ్గర సన్నగా ఉన్నా, రంగు గోటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకినా, గోరు చీలినా ఆలస్యం చేయకండి. దెబ్బ తగిలి గోటి కింద రక్తం గడ్డకట్టినా నల్లగానే ఉంటుంది. తేడా కనుక్కోవడానికి ఈరోజు ఒక ఫోటో, ఆరు వారాలకు ఒక ఫోటో తీయండి. రక్తమైతే గోటితోపాటు ముందుకు జరిగి, వెనక తెల్లటి గోరు కనిపిస్తుంది. మొదలు నుంచి గీత అలాగే ఉంటే రక్తం కాదు. దెబ్బ తగిలిన సంగతి గట్టిగా గుర్తుంటేనే ఈ ఆరు వారాలు ఆగాలి. గుర్తులేకపోతే ఆగొద్దు.

పుట్టుమచ్చలా కనిపించి కానివి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచూ పొరబడేవి కొన్ని ఉన్నాయి. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో, మండీల్లో పనిచేసేవారికి నిమ్మరసం పడిన చేతులకు ఎండ తగిలితే ముదురు చారలు, మరకలు ఏర్పడతాయి. రసం కారిన దారివెంటే ఉంటాయి, వారాల్లోనో నెలల్లోనో వెలిసిపోతాయి. ఒక్కోసారి ముందు బొబ్బలు వస్తాయి, ఇమ్యూనిటీ తక్కువున్నవారికి అవి చీము పట్టే ప్రమాదం ఉంది. చేతులు సబ్బుతో కడుక్కుని ఎండలోకి వెళ్లండి.

సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకున్న చోట నెలల తర్వాత నల్లగా, నొప్పిలేని గడ్డ తయారైతే అది చర్మం కింద పెరిగే ఫంగస్ కావచ్చు. మార్పిడి అయినవారిలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, గడ్డను కోసి పరీక్షకు పంపాలి. ముల్లు గుచ్చుకున్న సంగతి చెబితేనే డాక్టరుకు ఆ ఆలోచన వస్తుంది. రొయ్యల చెరువుల్లో పనిచేసేవారికి చేతి గాయంలోంచి వరసగా పైకి పాకే గడ్డలు వస్తే అది టీబీ జాతి సూక్ష్మజీవి పని కావచ్చు.

మార్పిడి తర్వాత మొదటి నెలల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. దానివల్ల కొందరికి గుండ్రటి ఊదా నలుపు మచ్చ వస్తుంది. మాత్ర వేసుకున్న ప్రతిసారీ అదే చోట మండి ముదురుతుంది. ఆ తంతు తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. మెడమీద, బుగ్గలమీద అంటించినట్టుండే నల్లటి గింజల్లాంటివి వయసుతో వచ్చేవే. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు లక్షణం కావచ్చు, ఆ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

చేయకూడనివి

సున్నం, చాకలిసోడా కలిపి మచ్చకు పూయడం, జీడిరసం అంటించడం, అగరుబత్తితో కాల్చడం, గుర్రపు వెంట్రుకో దారమో బిగించి కట్టడం, నిమ్మచెక్కతో రుద్దడం. ఇవన్నీ పైపొరను కాలుస్తాయి, వేరు లోపలే ఉండిపోతుంది. పైన మచ్చ చెరిగిపోవడంతో పోయిందనుకుంటారు, అది కింద పెరుగుతుంది. తర్వాత బయాప్సీ (ముక్క తీసి ల్యాబులో పరీక్షించడం) చేసినా కాలిన గాయం వల్ల రిపోర్టు తికమక పడుతుంది. పైగా ఈ మందులు వాడేవారికి చిన్న కాలిన గాయమే చీము పట్టి ఆసుపత్రిలో చేర్చేదాకా వస్తుంది. పార్లర్లలో కరెంటుతోనో లేజర్‌తోనో మచ్చ తీయించుకోవడం కూడా ఇదే తప్పు. పరీక్షకు ముక్క మిగలదు.

మెడికల్ షాపులో ట్యూబు అడిగి తెచ్చుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. అక్కడ ఇచ్చే కలగలుపు క్రీముల్లో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది, అది గుర్తులను అణిచేస్తుంది. తామర అనుకుని ఇట్రాకొనజోల్ బిళ్లలు ఇస్తే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ రక్తంలో విపరీతంగా పెరిగి కిడ్నీ దెబ్బతింటుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికైనా, షాపుకైనా మీ మందుల చీటీ చూపించకుండా ఏ బిళ్లా వేసుకోకండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, మచ్చ చూసి భయపడి మందు మానేయడం. టాక్రోలిమస్ కొద్ది రోజులు ఆపినా శరీరం కిడ్నీని తిప్పికొట్టొచ్చు. మచ్చకు రెండు వారాల వ్యవధి ఉంది, కిడ్నీకి లేదు.

ఎండ సంగతి

మన దగ్గర వేసవిలో మిట్టమధ్యాహ్నం యూవీ సూచిక 11 దాటుతుంది. రోహిణి కార్తెలో సరే, సంక్రాంతి తర్వాత పొగాకు కొట్టేటప్పుడు చల్లగాలి ఉన్నా కిరణాలు తగ్గవు. నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ గట్టిదని లెక్క. ఇసుక, ఉప్పుకయ్యల తెలుపు కిరణాలను తిప్పికొడతాయి కాబట్టి కొత్తపట్నం ఒడ్డున గొడుగు వేసుకున్నా కింద నుంచి తగులుతుంది. చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవారికి హెల్మెట్ కింద మెడ వెనక భాగం ఖాళీగా ఉంటుంది, అక్కడ తువ్వాలు వేలాడేయండి.

బట్టే మొదటి కాపు. చెమటకు తడిసిన పలచటి తెల్లచొక్కాలోంచి కిరణాలు దూరిపోతాయి. గుడ్డను వెలుతురుకు అడ్డం పట్టి చూడండి, అవతలివి కనిపిస్తే అది చాలదు. ముదురు రంగు, దట్టమైన నేత, పూర్తి చేతులు కావాలి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, యూవీఏకి కూడా పనిచేసేది ఎంచుకోండి. మొహానికీ మెడకీ కలిపి చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలంత తీయాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజుకు రెండుసార్లు సరైన మోతాదులో రాస్తే 50 గ్రాముల ట్యూబు మూడు వారాలకే అయిపోతుంది. మూడు నెలలు వచ్చిందంటే రాయనట్టే. అంత ఖర్చు భారమైతే మొహానికి మాత్రం ఉంచుకుని మిగతాది బట్టకు వదిలేయండి. ఎండ తప్పించేవారు విటమిన్ డి పరీక్ష ఏడాదికోసారి చేయించుకోవాలి. అరికాలి మెలనోమాను సన్‌స్క్రీన్ ఆపదు, అందుకే పై పరీక్షను దీనికోసం మానకూడదు.

డాక్టరు దగ్గర

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఉదయం ఓపీకి వెళ్లండి. మార్పిడి చెన్నైలోనో వేలూరులోనో తిరుపతిలోనో అయినా మచ్చ చూపించుకోవడానికి అంతదూరం పోయే రోజు కోసం ఆగొద్దు. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి వచ్చేవారికి ఒక రోజు పని పోతుంది కాబట్టి ఫోటోలు, నోట్‌బుక్, మందుల చీటీ, తాజా క్రియాటినిన్ రిపోర్టు అన్నీ ఒకేసారి తీసుకెళ్లండి. ఓపీలో సమయం తక్కువ, మొదటి వాక్యంలోనే అసలు సంగతి చెప్పాలి:

"సార్, నాకు కిడ్నీ మార్చి ఆరేళ్లయింది. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ వాడుతున్నా. కుడి అరికాలిలో ఈ మచ్చ నాలుగు నెలల్లో 4 నుంచి 8 మిల్లీమీటర్లయింది. ఇవిగో ఫోటోలు."

"మచ్చలొచ్చాయి సార్" అంటే మామూలు మంగుమచ్చల వరసలో పోతుంది.

బయాప్సీ అంటే భయపడకండి. కోస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాటలో నిజం లేదు. మెలనోమా అనుమానం ఉంటే మచ్చను చుట్టూ 1 నుంచి 3 మి.మీ. అంచుతో, కింద కొవ్వుపొర దాకా మొత్తంగా తీయడం మంచిది. అరికాలిలో పెద్ద మచ్చ అయితే అన్నిటికంటే ఉబ్బిన, ముదిరిన చోట ముక్క తీస్తారు. పైపైన చెక్కి తీస్తే లోతు కొలవలేరు, చికిత్సంతా ఆ లోతు మీదే ఆధారపడుతుంది. ఎక్కడ తీయించుకున్నా ఒక ప్రశ్న అడగండి: "తీసిన ముక్కను పరీక్షకు పంపుతారా?" పంపబోమని చెబితే అక్కడ తీయించుకోవద్దు. ముక్క ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) సీసాలోకి పోవాలి, సీసా మీద మీ పేరు, ఏ వైపు, ఏ చోటు అని ఉండాలి. ల్యాబుకు మీరే తీసుకెళ్లాల్సి వస్తే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, నీళ్లు కలపకండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడుతుంటే ముందే చెప్పండి, మీరుగా ఆపకండి. ఆ రోజు స్టెరాయిడ్ మాత్ర మానకూడదు. సిరోలిమస్ (మార్పిడి తర్వాత వాడే మరో మందు) వాడేవారికి గాయం ఆలస్యంగా మానుతుంది, కుట్లు ఇంకొన్నాళ్లు ఉంచుతారు. నొప్పికి పారాసెటమాల్ వేసుకోండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీకి చేటు. అరికాలి కుట్లు 14 నుంచి 21 రోజులు ఉంటాయి, ఆ మూడు వారాలూ మడికి నీళ్లు కట్టే పని, బురదలో దిగే పని ఇంకొకరికి అప్పజెప్పండి.

రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది. మెలనోమా అని వస్తే అందులో బ్రెస్లో మందం (క్యాన్సర్ చర్మంలోకి దిగిన లోతు) ఎన్ని మి.మీ., పుండు పడిందా, అంచులు శుభ్రంగా ఉన్నాయా అన్న మూడూ ఉండాలి. మందం 1 మి.మీ. లోపు ఉంటే చుట్టూ 1 సెంటీమీటరు, 2 మి.మీ. దాటితే 2 సెంటీమీటర్లు అదనంగా తీస్తారు. 0.8 మి.మీ. దాటితే గజ్జల్లోనో చంకలోనో లింఫు గ్రంథి పరీక్ష గురించి మాట్లాడతారు. ఈ దశలో క్యాన్సర్ డాక్టరూ మార్పిడి డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఎందుకంటే మెలనోమాకు ఇచ్చే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక కణాల జోరు పెంచే చికిత్స) వల్ల శరీరం మార్చిన కిడ్నీని తిప్పికొట్టొచ్చు. ఇద్దరి ఫోను నంబర్లూ ఇద్దరికీ ఇవ్వడం మీ పని. పొలుసుకణ క్యాన్సర్ వచ్చినవారికి టాక్రోలిమస్ తగ్గించి సిరోలిమస్‌కో ఎవెరోలిమస్‌కో మార్చే ఆలోచన చేస్తారు. మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది కుదరకపోవచ్చు.

హానిలేనిదని తేలితే ఆ మచ్చ అంకె పక్కన తేదీ, రిపోర్టు నంబరు రాసుకుని, ఒక కాపీ కిడ్నీ ఫైల్లో, ఒక కాపీ చర్మం ఫైల్లో పెట్టుకోండి. ముక్కతో చేసిన మైనపు బ్లాకు ల్యాబులో ఉంటుంది, వేరే ఊళ్లో మళ్లీ చూపించుకోవాలంటే దాన్ని అడిగి తీసుకోవచ్చు. అక్కణ్ణుంచి ఏడాదికోసారి చర్మవ్యాధి డాక్టరు ఒళ్లంతా చూడాలి, ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చినవారికైతే 3 నుంచి 6 నెలలకోసారి.